బడ్జెట్‌లో ఇంటికి సెంట్రల్ ఏసీ కావాలా? టన్నుల కంటే ముందు ఇవి చూడండి

కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్లకి, సొంతిల్లు కట్టిస్తున్నవాళ్లకి ఇంటీరియర్ డిజైనర్ దగ్గర ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది: "గదికో ఏసీ ఎందుకు సార్, సెంట్రల్ ఏసీ పెట్టించేయండి, నీట్‌గా ఉంటుంది." నిజమే. గోడ మీద తెల్ల డబ్బా ఉండదు, బాల్కనీలో నాలుగు అవుట్‌డోర్ యూనిట్లు వేలాడవు, సీలింగ్‌లోని సన్నటి గ్రిల్ నుంచి చల్లగాలి దిగుతుంది. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది.

కాకపోతే ఇది ఫోన్ కాదు, నచ్చకపోతే రెండేళ్లకి ఎక్స్‌చేంజ్‌లో పడేయడానికి. ఫాల్స్ సీలింగ్ ఒకసారి మూసేశాక పదేళ్లు దాంతోనే కాపురం. అందుకే డబ్బులు లెక్కపెట్టుకుని కొనేవాళ్ల కోణంలో, హైదరాబాద్‌లో ఒక మామూలు 3 బీహెచ్‌కే ఫ్లాట్‌ని ఉదాహరణగా పెట్టుకుని ఈ సంగతి చూద్దాం.

సెంట్రల్ ఏసీ పేరుతో అమ్మేవి మూడు

మొదటిది డక్టెడ్ స్ప్లిట్. బయట ఒక పెద్ద యూనిట్, లోపల ఫాల్స్ సీలింగ్ పైన దాగి ఉండే ఇంకో యూనిట్. అక్కడి నుంచి రేకు గొట్టాల్లో, అంటే డక్టుల్లో, చల్లగాలి అన్ని గదులకీ వెళ్తుంది. మూడింటిలో మామూలుగా చవక ఇదే. కానీ పూర్తిగా అర్థం చేసుకోకుండా కొంటే బిల్లు దగ్గర బాధపెట్టేదీ ఇదే.

రెండోది మల్టీ స్ప్లిట్. బయట ఒకే యూనిట్, దాన్నుంచి రెండు మొదలుకుని ఐదు దాకా ఇండోర్ యూనిట్లకి విడివిడిగా రాగి పైపులు. ఇక్కడ గాలి ప్రయాణం చెయ్యదు, గ్యాస్ ప్రయాణం చేస్తుంది.

మూడోది వీఆర్ఎఫ్. ఇది మల్టీ స్ప్లిట్‌కి పెద్దన్నయ్య. ఒక మెయిన్ పైప్‌లైన్ నుంచి కొమ్మలు చీలి ప్రతి గదికీ వెళ్తాయి, ఏ గదికి ఎంత గ్యాస్ కావాలో అక్కడి ఎలక్ట్రానిక్ వాల్వ్ చూసుకుంటుంది. 1982లో డైకిన్ దీన్ని వీఆర్‌వీ పేరుతో తెచ్చింది. ఆ పేరు డైకిన్ సొంతం కాబట్టి మిగతా కంపెనీలు వీఆర్ఎఫ్ అంటాయి. టెక్నాలజీగా చూస్తే ఇదే బెస్ట్. రేటు కూడా అలాగే ఉంటుంది.

"అమెరికాలో మా అన్నయ్య వాళ్లింట్లో డక్టులే కదా, వాళ్లకి లేని ఇబ్బంది మనకేంటి?" అనిపించొచ్చు. అక్కడ ఇల్లు కట్టేటప్పుడే డక్టులకి చోటు పెడతారు. చాలా ఇళ్లలో చలికాలంలో వేడిగాలి తిరిగేదీ ఆ గొట్టాల్లోనే. చెక్క ఫ్రేము, పైన అటక ఉంటాయి కాబట్టి దాచుకోవడం తేలిక. మనది ఇటుక గోడ, కాంక్రీట్ స్లాబ్. డక్టు పోవాలంటే స్లాబ్ కింద నుంచే పోవాలి, బీములు అడ్డొస్తాయి. పదడుగుల లోపు ఎత్తున్న గదిలో ఒక అడుగో, ఇంకాస్త ఎక్కువో సీలింగ్ కిందికి దిగుతుంది. హాల్లో ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది అప్పుడు మొదలయ్యే తలనొప్పి. ఇంతా చేస్తే, మామూలు ఇళ్లలో డక్టుల్లోకి వెళ్లిన గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందని అక్కడి ఎనర్జీ స్టార్ ప్రోగ్రామే చెబుతుంది. డక్టుల్లో అనుభవం ఉన్న దేశంలోనే పరిస్థితి అది!

అసలు ఆట బిల్లు దగ్గర

ఇంట్లో అన్ని గదులూ ఒకేసారి చల్లగా ఉండాల్సిన అవసరం ఎంతసేపు వస్తుంది? పగలు హాలు, రాత్రి బెడ్‌రూమ్‌లు. అంతే కదా. మామూలు డక్టెడ్ ఏసీకి ఈ తేడా తెలీదు. ఒక థర్మోస్టాట్, ఒక ఫ్యాన్. రాత్రి మూడు బెడ్‌రూమ్‌ల కోసం ఆన్ చేస్తే ఖాళీగా ఉన్న హాలు కూడా చల్లబడుతుంది. ఫోన్‌లో ఒక యాప్ తెరవడానికి ప్రాసెసర్‌లోని కోర్లన్నీ ఫుల్ స్పీడ్‌లో తిప్పినట్టు.

అంకెల్లో చూద్దాం. ఇవి ల్యాబ్ టెస్ట్ రిజల్ట్స్ కావు, తేడా ఎంతుంటుందో తెలియడానికి వేసుకున్న లెక్క మాత్రమే. ఒక టన్ను 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్, గది చల్లబడ్డాక సగటున అర కిలోవాట్ లాగుతుందనుకోండి. మూడు గదులు, ఎనిమిది గంటలు అంటే రాత్రికి 12 యూనిట్లు, నెలకి 360. అదే ఇంట్లో 5 టన్నుల ఫిక్స్‌డ్ స్పీడ్ డక్టెడ్ మెషీన్ సుమారు 6 కిలోవాట్లు తీసుకుంటూ సగం సేపు తిరిగిందనుకుంటే రాత్రికి 24 యూనిట్లు, నెలకి 720.

దీని పైన శ్లాబుల దెబ్బ ఉంది. 2022లో వచ్చిన తెలంగాణ టారిఫ్ ప్రకారం గృహ వినియోగం 400 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల 50 పైసలు, 800 దాటాక 10 రూపాయలు. ఫ్రిజ్, గీజర్, లైట్లు కలిపి మరో 250 యూనిట్లు వేసుకుంటే మొదటి ఇంటికి 610, రెండో ఇంటికి 970 యూనిట్లు. తేడా నెలకి సుమారు 3,500 రూపాయలు. ఏడాదిలో నాలుగు నెలల ఎండాకాలం అనుకున్నా 14,000. పిల్లలు హాస్టల్‌కి వెళ్లి ఒక్క బెడ్‌రూమే వాడే రోజుల్లో స్ప్లిట్ ఇంటి ఏసీ ఖర్చు రాత్రికి 4 యూనిట్లకి పడిపోతుంది. డక్టెడ్ ఇంట్లో పెద్దగా తగ్గదు.

ఇన్వర్టర్ డక్టెడ్ మోడల్ తీసుకుని, గదిగదికీ మోటరైజ్డ్ డ్యాంపర్లు పెట్టిస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. డ్యాంపర్ అంటే డక్టు లోపల తెరుచుకుని మూసుకునే రేకు తలుపు. వాడని గదికి గాలి ఆపేస్తుంది. అయితే దాన్ని ఇన్వర్టర్ మెషీన్‌తోనే పెట్టాలి. ఫిక్స్‌డ్ స్పీడ్ మెషీన్‌కి మూడు గదులు మూసేస్తే గాలి వెళ్లే దారి లేక కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది.

టన్నులు: ఎక్కువైతే మంచిదా?

టన్ను అంటే బరువు కాదని మీకు తెలిసే ఉంటుంది. ఒక టన్ను ఐస్ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని బయటికి తోసే కెపాసిటీ. గంటకి 12,000 బీటీయూలు, మన లెక్కలో సుమారు 3.5 కిలోవాట్లు.

ఎక్కువ ర్యామ్ ఉంటే ఫోన్ స్పీడ్ అన్నట్టే, ఎక్కువ టన్నులుంటే కూలింగ్ ఎక్కువ అని కాంట్రాక్టర్లు ఓ అర టన్ను, టన్ను కలిపేస్తుంటారు. కలపడం వాళ్లకి సేఫ్, మనకి ఖర్చు. అవసరం కంటే పెద్ద మెషీన్ గదిని పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ లాగాలంటే కాయిల్ చల్లగా ఉండి ఎక్కువసేపు నడవాలి, అది జరగదు. హైదరాబాద్‌లో ఇది అంతగా తెలియకపోవచ్చు గానీ విశాఖ, కాకినాడల్లో 23 డిగ్రీలు పెట్టినా ఒళ్లు జిడ్డుగా ఉండటానికి ఇదో కారణం.

కెపాసిటీ అంకెల్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలుస్తారని కూడా గుర్తుంచుకోండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 45 డిగ్రీలున్నప్పుడు అదే మెషీన్ అంత కూలింగ్ ఇవ్వదు. ఎండలో ఫోన్ హీటెక్కి స్లో అయినట్టే. అందుకని గుడ్డిగా టన్నులు పెంచకండి, డేటాషీట్‌లో 46 డిగ్రీల దగ్గర కెపాసిటీ ఎంతో అడగండి. టాప్ ఫ్లోర్ అయితే ముందు స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది. పడమటి కిటికీలకి మంచి కర్టెన్లో, ఫిల్మో వేసినా లోడ్ తగ్గుతుంది. టన్ను తగ్గించుకోవడానికి అన్నిటికన్నా చవకైన దారి ఇదే, కానీ దీన్ని చెప్పే డీలర్ కనబడడు.

వీఆర్ఎఫ్ నిజంగా మెరిసేది కూడా టన్నుల దగ్గరే. మన ఫ్లాట్‌లో బెడ్‌రూమ్‌లకి 1, 1, 1.5, హాలుకి 2, మొత్తం 5.5 టన్నులు అనుకోండి. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి బయట 4.5 టన్నుల యూనిట్ చాలు. అవుట్‌డోర్ కెపాసిటీకి సుమారు 130 శాతం దాకా ఇండోర్ యూనిట్లు కలపడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

స్పెక్ షీట్‌లో కనబడనివి

రూమ్ ఏసీల మీద ఉండే బీఈఈ స్టార్ లేబుల్ మనకి అలవాటే. అందులో చూడాల్సింది నక్షత్రాలు కాదు, ఐఎస్ఈఈఆర్ అంకె. 2022 జులై నిబంధనల్లో 3 స్టార్ స్ప్లిట్‌కి కనీసం 3.8, 5 స్టార్‌కి 5. ఈ హద్దుల్ని కొన్నేళ్లకోసారి పెంచుతారు, కాబట్టి పాత స్టాక్ 5 స్టార్, కొత్త 5 స్టార్ ఒకటి కావు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1,600 గంటల వాడకానికి. పెద్ద డక్టెడ్ మెషీన్ల మీద ఈ స్టిక్కర్ కనిపించకపోవచ్చు. అప్పుడు ఫుల్ లోడ్‌లో, సగం లోడ్‌లో ఎన్ని కిలోవాట్లు లాగుతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత కరెంటు కనెక్షన్. మీ శాంక్షన్డ్ లోడ్ ఎంతో బిల్లు మీదే ఉంటుంది. 5 టన్నుల మెషీన్‌కి లోడ్ పెంచాల్సి రావొచ్చు, త్రీ ఫేజ్ కావాల్సి రావొచ్చు. ఆ ఖర్చు ఏసీ కొటేషన్‌లో రాయరు. కరెంటు పోయినప్పుడు అపార్ట్‌మెంట్ జనరేటర్ ఫ్లాట్‌కి ఎంత లోడ్ ఇస్తుందో కూడా కనుక్కోండి. చిన్న ఇన్వర్టర్ స్ప్లిట్ ఒకటి దాని మీద నడవొచ్చేమో గానీ ఇల్లంతటి మెషీన్ నడవదు.

ఇంకోటి మన ఇళ్లకే ప్రత్యేకం. డక్టెడ్ సిస్టమ్ గదుల్లోని గాలిని వెనక్కి లాక్కుని, చల్లబరిచి మళ్లీ పంపుతుంది. వెనక్కి లాగే గ్రిల్ ఓపెన్ కిచెన్ పక్కన ఉందంటే ఎండుమిర్చి తాలింపు ఘాటు రెండు నిమిషాల్లో అన్ని బెడ్‌రూమ్‌లకీ చేరుతుంది. ఎవరు ఏ గదిలో తుమ్ముతున్నారో ఇల్లంతా వినిపిస్తుంది! గ్రిల్ ఎక్కడ పెడుతున్నారో డ్రాయింగ్‌లోనే చూసుకోండి. బెడ్‌రూమ్ తలుపు వేసేస్తే గాలి వెనక్కి రావడానికి తలుపు కింద సందో, గోడలో గ్రిల్లో ఉందా అన్నదీ చూడండి. అది లేకపోతే ఆ గదిలోకి చల్లగాలి సరిగా రానే రాదు.

రిపేర్ సంగతి. నాలుగు స్ప్లిట్లలో ఒకటి పాడైతే పక్క గదిలో పడుకోవచ్చు. సెంట్రల్‌లో అవుట్‌డోర్ బోర్డు కాలిపోతే మే నెలలో ఇల్లంతా ఉక్కపోతే, పార్ట్ వచ్చేదాకా. మీ ఊళ్లో ఆ కంపెనీ వీఆర్ఎఫ్ టెక్నీషియన్ ఉన్నాడా లేక హైదరాబాద్ నుంచి రావాలా అన్నది బ్రాండ్ పేరు కంటే ముఖ్యం.

మరి ఏది తీసుకోవాలి?

కట్టేసిన ఫ్లాట్, టైట్ బడ్జెట్ అయితే సెంట్రల్ ఆలోచన పక్కన పెట్టేయండి. గదికో ఇన్వర్టర్ స్ప్లిట్ పెట్టుకుని, పైపులు గోడలోపల కన్సీల్డ్‌గా వేయించుకోండి. నీట్‌నెస్ సగం అక్కడే వచ్చేస్తుంది. యాప్ కంట్రోల్, గదిగదికీ షెడ్యూల్ లాంటివి కూడా వీటిలో తేలిగ్గా, తక్కువలో దొరుకుతాయి.

హాలు అందంగా ఉండాలన్న కోరిక బలంగా ఉంటే నాకు నచ్చే కాంబినేషన్ వేరే ఉంది: హాలు, డైనింగ్‌కి మాత్రం ఒక చిన్న ఇన్వర్టర్ డక్టెడ్ యూనిట్, బెడ్‌రూమ్‌లకి మామూలు స్ప్లిట్లు. డక్టు పొడవు తక్కువ కాబట్టి లీకులు తక్కువ, సీలింగ్ దిగేది ఒక్క చోటే, చుట్టాలొచ్చిన రోజు హాలంతా సమంగా చల్లబడుతుంది.

ఇంకా కడుతున్న డూప్లెక్స్, ఐదారు గదులు, రోజంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబం అయితే వీఆర్ఎఫ్‌కి అర్థం ఉంది. అక్కడ కూడా ఇల్లంతటికీ ఫిక్స్‌డ్ స్పీడ్ డక్టెడ్ మెషీన్ ఒక్కటే పెట్టమని ఎవరైనా చవకగా ఇస్తే వద్దనండి.

కొటేషన్ చేతికొచ్చాక

ఒకే మొత్తం రాసిచ్చే కొటేషన్ తీసుకోకండి. మెషీన్, రాగి పైపు మందం, డక్టు రేకు గేజ్, ఇన్సులేషన్, డ్రెయిన్ పైపు, ఎలక్ట్రికల్ పని, ఫాల్స్ సీలింగ్ దేనికది విడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటే వేసి ఉందేమో చూడండి. గ్యాస్ ఏదో కూడా రాయించండి. ఆర్410ఏ గ్లోబల్ వార్మింగ్ విలువ 2,088, ఆర్32 విలువ 675. చిన్న సిస్టమ్‌లకి ఆర్32 దొరుకుతున్నప్పుడు పాతది తీసుకోవడం ఎందుకు?

సీలింగ్ మూసే ముందు రెండు పరీక్షలు మీ కళ్ల ముందే జరగాలి. పైపుల్లో నైట్రోజన్ నింపి 24 గంటలు ఉంచి, గేజ్ ముల్లు దిగలేదని ఫొటో తీసుకోండి. డ్రెయిన్ ట్రేలో ఒక బకెట్ నీళ్లు పోసి, అవి ఎక్కడా నిలవకుండా బయటికి పోతున్నాయో లేదో చూడండి. ఆ వాలు సరిగా లేకపోతే రెండో వేసవికి సీలింగ్ మీద పసుపు మరక ఖాయం. ఇండోర్ యూనిట్ కింద మనిషి చేతులు పట్టేంత ట్రాప్ డోర్ కూడా వదిలారా అన్నది అప్పుడే చూడాలి. లేకపోతే ఫిల్టర్ కడగడానికి సీలింగ్ కోయాల్సిందే.

మెషీన్ ఆన్ చేసిన రోజు ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. అరగంట ఫుల్‌గా నడిచాక, వెనక్కి వెళ్లే గాలికీ గ్రిల్‌లోంచి వచ్చే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. చివరి గదిలో కూడా కొలవండి. అక్కడ తేడా బాగా తక్కువగా ఉంటే డక్టు ఎక్కడో కారుతోంది లేదా ఇన్సులేషన్ సరిగా లేదు. అది సరిచేసేదాకా ఆఖరి 10 శాతం పేమెంట్ ఇవ్వకుండా ఆపే హక్కు ఆర్డర్‌లోనే రాయించుకోండి.