దిక్కు మిగలని ఆకాశము

రేడియో ఏరియలును ఒక ప్రక్కకు త్రిప్పినచో ధ్వని స్పష్టమగును. మఱియొక ప్రక్కకు త్రిప్పినచో సన్నగిల్లును. గాలిలో వచ్చు విద్యుత్ క్షేత్రమునకు బలముతోపాటు దిక్కు కూడ ఉండుటయే దీనికి కారణము. ఇట్టిది సదిశ క్షేత్రము. గదిలోని ఉష్ణోగ్రతకు ప్రతి చోటను ఒక అంకె చాలును, దిక్కుతో పనిలేదు. అది అదిశ క్షేత్రము. విశ్వము తొలినాట ఎట్లు విస్తరించెనను ప్రశ్నలో ఈ భేదమునకు గొప్ప ప్రాధాన్యము కలదు.

ఆకాశమున ఏ వైపునకు త్రిప్పినను తగ్గని సూక్ష్మతరంగముల రొదను పెంజియాస్, విల్సన్ అను ఇరువురు అమెరికాలో కనుగొని 1965లో ప్రకటించిరి. అది విశ్వశైశవమునాటి వేడిమి శేషము. మన చలనమువలన కలుగు తేడాను తీసివేసినచో, దిక్కునకును దిక్కునకును గల భేదము సుమారు లక్షలో ఒక వంతు మాత్రమే.

ఎన్నడును సంపర్కము లేనట్లు తోచు దూరప్రాంతములకు ఈ సమత ఎట్లబ్బినది? తొలిక్షణములోని అత్యల్పభాగములో విశ్వము మహావేగమున వ్యాకోచించెనని 1981లో అలన్ గూత్ సమాధానము చెప్పెను. ముందు చేరువగానుండి సమతనొందిన చిన్న చోటే నేడు మనకు కనబడు ఆకాశమైనది. ఈ వ్యాకోచమునకు కారణముగా సాధారణముగా అదిశ క్షేత్రమునే ఊహింతురు. కాని 2012లో హిగ్స్ కణము బయటపడువరకు, మౌలికమైన అదిశ క్షేత్రమునకు ప్రయోగనిదర్శనమే లేకుండెను. సదిశ క్షేత్రమన్ననో, వెలుతురు రూపమున నిత్యము కంటియెదుటనే ఉన్నది.

కనుకనే 1989లో ఫోర్డ్ అను శాస్త్రజ్ఞుడు సదిశ క్షేత్రముతో ఈ వ్యాకోచము సాధ్యమా యని పరిశీలించెను. అడ్డంకులు రెండు. సామాన్య విద్యుదయస్కాంత క్షేత్రమైనచో, విశ్వములోని దూరములు రెండింతలు కాగానే దాని శక్తిసాంద్రత పదునాఱవ వంతునకు పడిపోవును, వ్యాకోచము సాగదు. రెండవది దిక్కు. ఒకే క్షేత్రము నడిపినచో ఆ దిక్కు గుర్తు ఆకాశముపై మిగులవలెను.

2008లో గొలోవ్‌నెవ్, ముఖనోవ్, వాన్చురిన్ అనువారు క్షేత్రమును స్థలవక్రతతో ముడివేసి పలుచబడకుండ జేసిరి. దిక్కును మాపుటకు పరస్పరము లంబముగానున్న మూడు సమక్షేత్రములను గైకొనిరి. ఏరియలు గడను అన్ని వైపుల సమానముగా త్రాళ్లతో బిగించినచో అది ఏ వైపునకును ఒరగదు గదా! లేదా దిక్కుదిక్కున చెదరియున్న అనేక క్షేత్రములుండవచ్చును: నూఱున్నచో పదవ వంతు, పదివేలున్నచో నూఱవ వంతు పక్షపాతమే మిగులును.

అయినను 2009లో హిమ్మెటోగ్లు, కాంటాల్డి, పెలోసో అనువారు లోపమును జూపిరి. ఆ ముడి వలన క్షేత్రములోని ఒక విధమగు కంపనమునకు ఋణశక్తి గలిగి, వ్యవస్థ నిలకడ చెడునని వారి గణనము. తరువాత ప్లాంక్ ఉపగ్రహపు కొలతలలోను, ఆదికాలపు హెచ్చుతగ్గులలో కొద్ది శాతమునకు మించిన దిక్కుభేదము కానరాలేదు.

నక్షత్రమండలములకు బీజములు వేసినది వెలుతురు జాతికి చెందిన క్షేత్రమే యని చెప్పదలచువారు ఈ రెండు పరీక్షలను దాటవలెను. సిద్ధాంతము నిలకడగా నుండవలెను. ఆకాశమున దిక్కు మిగులరాదు.