కుక్క అంతలా ఎందుకు గోక్కుంటుంది?

నెల్లూరు తీరంలో, మైపాడు, కృష్ణపట్నం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. చలి మాత్రం అంతంతే. వెచ్చదనానికి తేమ తోడైతే ఫ్లీలకు పండగే! దూకుతూ తిరిగే ఈ చిన్న పురుగు కుట్టేటప్పుడు తన ఉమ్మిని చర్మంలోకి వదులుతుంది. అది పడని కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు, తోక మొదట్లో బొచ్చు ఊడేదాకా కొరుక్కుంటుంది.

పిడుదుల కథ వేరు. ఆడ పిడుదు కడుపునిండా రక్తం తాగి, కుక్క మీంచి రాలిపడి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎన్ని స్నానాలు చేయించినా, అది పడుకునే మూలను వదిలేస్తే పిల్ల పిడుదులు మళ్లీ ఎక్కుతాయి. కనిపించినదాన్ని సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి. వేళ్లతో నలపొద్దు. కొందరు కిరసనాయిలు పూస్తారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ విషం ఎక్కడికి పోతుంది?

గజ్జి పురుగులు కంటికి ఆనవు. పశువైద్యులు చర్మం గీరి మైక్రోస్కోపులో చూస్తారు. వాటికి వాడే ఐవర్‌మెక్టిన్ జపాన్ మట్టిలోని ఓ సూక్ష్మజీవి చలవ. ఆ మందును కనిపెట్టిన కృషికి 2015లో నోబెల్ వచ్చింది. అయితే కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఎక్కువ మోతాదు ప్రాణాంతకం.

మరి ఈ పురుగులకు ప్రోబయాటిక్ పొడి పనిచేస్తుందా? అందులో ఉండేవి పేగులకు మేలుచేసే బాక్టీరియా. విరేచనాలప్పుడు కొంత సాయపడొచ్చు. పిడుదును మాత్రం ఒక్కదాన్నీ చంపదు.