యాక్సిడెంట్ స్పాట్‌లో ఫోన్ చేసేదెంత, 108 వాళ్లు చేసేదెంత?

ఫోన్ రివ్యూల్లో ప్రాసెసర్‌కు ఒక పేరా, కెమెరాకు మూడు పేరాలు ఉంటాయి. ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్, క్రాష్ డిటెక్షన్ లాంటి వాటికి చివర్లో ఒక లైన్ దక్కితే గొప్ప. పోయిన వర్షాకాలంలో హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఒక కారు యాక్సిడెంట్ నా కళ్లముందే జరిగింది. ఆ ఒక్క లైన్ ఫీచర్లు ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఆ రాత్రి దగ్గర్నుంచి చూశాను.

ఏం జరిగిందంటే...

చౌటుప్పల్ దాటి చిట్యాల వైపు వెళ్తున్నాం. రాత్రి ఎనిమిదిన్నర, సన్నగా వాన. మా ముందున్న కారు, లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దేసింది. ఎడమవైపు మొత్తం నుజ్జునుజ్జు. మా అన్నయ్య కారు కాస్త ముందుకు తీసి పక్కన ఆపాడు. నేను దిగి పరిగెత్తాను. లోపల ఇద్దరు కుర్రాళ్లు. నడుపుతున్నతను షాక్‌లో ఉన్నా మాట్లాడుతున్నాడు. పక్క సీట్లో అతని కాలు డాష్‌బోర్డ్ కింద ఇరుక్కుపోయింది, మూలుగుతున్నాడు.

ఐదు నిమిషాల్లో ఇరవై మంది పోగయ్యారు. సగం మంది చేతుల్లో ఫోన్లు పైకి లేచే ఉన్నాయి, వీడియో తీయడానికి.

లొకేషన్ పిన్ చెప్పని విషయం

108కి కాల్ చేశాను. వెంటనే లైన్‌లోకి వచ్చారు. ఎక్కడ, ఎంతమందికి దెబ్బలు, స్పృహ ఉందా, ఊపిరి తీసుకుంటున్నారా అని వరసగా అడిగారు. మ్యాప్స్‌లో చూసి దగ్గర్లో ఉన్న ఊరు, పెట్రోల్ బంక్ పేరు చెప్పాను. కాసేపటికి అంబులెన్స్ పైలట్ నుంచే కాల్ వచ్చింది. 108లో డ్రైవర్‌ని పైలట్ అంటారు. ఆయన అడిగింది ఒక్కటే: "అన్నా, హైదరాబాద్ వైపు పోయే రోడ్డా, విజయవాడ వైపు పోయే రోడ్డా?"

ఆలోచిస్తే అసలు ప్రశ్న అదే. ఆకాశం క్లియర్‌గా ఉన్నప్పుడు కూడా ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. మధ్యలో డివైడర్ ఉన్న హైవే మీద ఆ తేడా చాలు, పిన్ అవతలి రోడ్డు మీద పడటానికి. తప్పు వైపు వస్తే అంబులెన్స్ యూ టర్న్ కోసం కిలోమీటర్లు తిరగాలి. ఎటు వైపు రోడ్డు, కిలోమీటరు రాయి మీద నంబర్ ఎంత అన్న రెండు ముక్కలు నోటితో చెప్పాలి.

ఎమర్జెన్సీ కాల్ చేయగానే లొకేషన్ దానంతట అదే వెళ్లే టెక్నాలజీ ఆండ్రాయిడ్‌లో 2016 నుంచే ఉంది, పేరు ఎమర్జెన్సీ లొకేషన్ సర్వీస్. మన దేశంలో మాత్రం దాన్ని మొదట అందుకున్న రాష్ట్రం ఉత్తరప్రదేశ్, అదీ 2025 చివర్లో. కాబట్టి లొకేషన్ వెళ్లిపోయిందిలే అని ధీమాగా ఉండొద్దు.

వాళ్లు వచ్చాక సీన్ మారిపోయింది

అంబులెన్స్ వచ్చేలోపే ఇద్దరు ముగ్గురు ఆ కుర్రాడిని చేతులు పట్టి బయటికి లాగబోయారు. మంచి మనసుతోనే. అప్పుడే దిగిన ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, మొదట అన్న మాట "లాగొద్దు, మెడ కదలొద్దు". పాతికేళ్లు ఉంటాయేమో అతనికి. కిటికీలోంచి సగం లోపలికి దూరి రెండు చేతులతో తల కదలకుండా పట్టుకున్నాడు. "తమ్ముడూ, నీ పేరేంటి? ఊపిరి ఆడుతోందా?" అని అడుగుతూనే ఉన్నాడు. అది పలకరింపు అనుకున్నాను. జవాబు వస్తుందంటే స్పృహ ఉంది, గొంతు దారి తెరిచే ఉంది అని అర్థమట.

మెడకు కాలర్ వేశాడు. వేలికి ఆక్సిమీటర్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చాడు. ఈలోపు పైలట్ వెనక వచ్చే బండ్లు మా మీదికి రాకుండా అంబులెన్స్‌ను అడ్డంగా నిలిపాడు. కానిస్టేబుల్స్, లారీ క్లీనర్ కలిసి గడ్డపారతో డోర్ తెరిచారు. స్పైన్ బోర్డు మీదికి మార్చేటప్పుడు "ఒకటి, రెండు, మూడు" అని అందరం ఒకేసారి ఎత్తాం. ఎవరూ అరవలేదు, తొందరపడలేదు. అంత కంగారులో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

మనకు చిన్నప్పటి నుంచి అలవాటైపోయి గుర్తించం కానీ, ఈ 108 మొదలైంది హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. తర్వాతే మిగతా రాష్ట్రాలకు వెళ్లింది.

క్రాష్ డిటెక్షన్ సంగతేంటి?

ఐఫోన్ 14 నుంచి వచ్చిన క్రాష్ డిటెక్షన్ నిజంగా మంచి ఇంజినీరింగ్. 256 జీ వరకు కొలిచే యాక్సిలరోమీటర్, గైరోస్కోప్, బారోమీటర్, మైక్, జీపీఎస్ అన్నీ కలిపి గుద్దుకోవడాన్ని గుర్తిస్తాయి. మీరు స్పందించకపోతే ఎమర్జెన్సీ నంబర్‌కు తానే కాల్ చేసి, రికార్డెడ్ వాయిస్‌లో అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. పిక్సెల్ ఫోన్లలోనూ ఇలాంటి ఫీచర్ ఉంది, ఇండియా ఆ లిస్టులో ఉంది. రాత్రిపూట ఒంటరిగా నడిపేవాళ్లకు ఇది ప్రాణం కాపాడొచ్చు. కానీ ఆ కాల్ ఎత్తేది, వానలో బండి తోలుకొచ్చేది, మెడ పట్టుకునేది మనుషులే. సెన్సర్ పని ఎక్కడ ఆగుతుందో వాళ్ల పని అక్కడ మొదలవుతుంది.

లాక్ అయిన ఫోన్

దెబ్బలు తగిలిన కుర్రాడి ఫోన్ సీటు కింద దొరికింది. స్క్రీన్ పగిలింది, లాక్ ఉంది. ఈఎంటీ లాక్ స్క్రీన్‌లో ఎమర్జెన్సీ నొక్కి చూశాడు, ఖాళీ. బ్లడ్ గ్రూప్ లేదు, ఇంటి నంబర్ లేదు. ఫ్రెండ్‌కి షాక్‌లో ఏదీ గుర్తురావట్లేదు. అప్పుడే ఆ ఫోన్ మోగింది, స్క్రీన్ మీద "నాన్న" అని. కానిస్టేబుల్ ఎత్తి, మెల్లగా, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారో చెప్పారు. ఆ కాల్ రాకపోయి ఉంటే? మూడో రోజు కనుక్కుంటే కాలికి ఆపరేషన్ అయింది, ప్రమాదం లేదన్నారు.

ఇప్పుడే చేయండి

* ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలోకి వెళ్లి మెడికల్ ఇన్ఫో, ఎమర్జెన్సీ కాంటాక్ట్స్ నింపండి. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ. లాక్ ఉన్నప్పుడు కూడా కనిపించే ఆప్షన్ ఆన్ చేయండి.
* ఇండియాలో ఐఫోన్ సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. మీ ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ సెట్టింగ్‌లో చూసుకోండి.
* అంబులెన్స్‌కు 108, ఏ ఎమర్జెన్సీకైనా 112. కాల్ చేశాక మీ లైన్ ఖాళీగా ఉంచండి, పైలట్ చేస్తాడు.
* పోలీస్ కేసు భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.
* డబ్బు గురించి ఆగొద్దు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర స్కీమ్ కింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల వరకు క్యాష్‌లెస్ చికిత్స ఉంది.

మీ ఫోన్ అయ్యాక అమ్మానాన్నల ఫోన్లు కూడా తీసుకుని ఇవే సెట్ చేయండి. రెండు నిమిషాల పని. మన కోసం వచ్చేవాళ్లకు ఆ రెండు నిమిషాలు మిగిల్చినట్టే.