మేనల్లుడు ఎవరి ఇంటి బిడ్డ? పన్ను లెక్క ఒకటి, పథకం లెక్క మరొకటి

పల్నాడులో మాచర్ల, గురజాల వైపు దళితవాడల్లో బిడ్డను పెంచేది ఎప్పుడూ తల్లిదండ్రులే కాదు. వాళ్లు కూలికి వలసపోతే అమ్మమ్మ సాకుతుంది. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం తెచ్చుకున్న మేనమామ అక్క పిల్లల్ని నరసరావుపేటలో తన దగ్గర ఉంచుకుని చదివిస్తాడు. చుట్టరికంలో ఇది మామూలే. ఆ బిడ్డ ఎవరి కుటుంబం కిందికి వస్తాడన్న ప్రశ్న ప్రభుత్వ కాగితాల దగ్గరే మొదలవుతుంది.

ముందు పన్ను సంగతి చూద్దాం. ఆదాయపు పన్ను చట్టంలో ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది. అది సొంత పిల్లల్లో ఇద్దరికే, పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. ఆరోగ్య బీమాకు సంబంధించిన మినహాయింపులో భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు ఉంటారు. వైకల్యం ఉన్నవారి పోషణకు ఇచ్చే మినహాయింపులో తోబుట్టువులు కూడా చేరతారు. మేనల్లుడు, మేనకోడలు, అన్న పిల్లలు వీటిలో ఎక్కడా లేరు. అమెరికాలో తోబుట్టువుల పిల్లలు ఏడాదిలో సగానికి పైగా తన ఇంట్లో ఉంటే, మిగతా షరతులకు లోబడి, వాళ్లను ఆధారితులుగా చూపవచ్చు. అదే బిడ్డను తల్లి కూడా చూపితే, అర్హత ఉన్న తల్లికే ప్రాధాన్యం. మన దగ్గర మేనమామకు ఆ అవకాశమే లేదు.

ఇప్పుడు పథకం సంగతి. 2025 జూన్‌లో అమలైన తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు. అందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. దీనికి రైస్ కార్డు ఉండాలి. కుటుంబ నెల ఆదాయం గ్రామాల్లో 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. కుటుంబంలో ఆదాయపు పన్ను కట్టేవారు, ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం ఉద్యోగి నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

ఇక్కడ కుటుంబం అంటే సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఉన్న కుటుంబం. బిడ్డ పేరు మేనమామ కుటుంబంలో చేరితే అతని జీతం, అతని పన్ను బిడ్డ అర్హతకు అడ్డుపడతాయి. ఫీజు కట్టినప్పుడు పన్ను చట్టం “నీ బిడ్డ కాదు” అంటుంది. పథకం దగ్గరికి వచ్చేసరికి “నీ ఇంటి బిడ్డే” అంటుంది. రెండుచోట్లా నష్టం ఆ ఇంటికే. “చదివించేది నేను” అని తమ్ముడు, “నీ మూలాన డబ్బు పోయింది” అని అక్క మాటామాటా అనుకోవాల్సి వస్తుంది. తరతరాలుగా ఆస్తి, జీతం లేని కుటుంబాల్లో ఒక్క ఉద్యోగం మీద ఎందరో ఆధారపడతారు. ఆ భారాన్ని ఈ నిబంధనలు లెక్కలోకి తీసుకోవు.

ఇలాంటి ఇళ్లకు కార్యకర్తలు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. తల్లి బతికి ఉంటే, బిడ్డ ఎక్కడ చదివినా మ్యాపింగ్ తల్లితోనే ఉందో లేదో చూసుకోవాలి. రిటర్న్ దాఖలు చేయడం వేరు, పన్ను కట్టడం వేరు. పన్ను సున్నా అయినా పేరు తీసేస్తే రిటర్న్ కాపీతో సచివాలయంలో అభ్యంతరం పెట్టాలి. తల్లిదండ్రులు లేకపోతే 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకుడిగా నియమించమని కోర్టును అడగవచ్చు. దత్తత అనుకుంటే, 1956 హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మాత్రం మతంతో పని లేకుండా మేనమామ, బాబాయి, పిన్ని, అమ్మమ్మ, తాతలకు బంధువుల బిడ్డను దత్తత తీసుకునే వీలిస్తుంది. అయితే 13,000 కోసం దత్తత ఆలోచన వద్దు. దత్తతతో బిడ్డ చట్టపరంగా తల్లిదండ్రులు మారిపోతారు.

మనం అడగాల్సింది ఇది: బంధువు ఇంట్లో ఉంటున్న బిడ్డ అర్హతను కన్న తల్లిదండ్రుల ఆదాయంతోనే కొలవాలి. లేదా, పోషించే బంధువు ఆదాయాన్ని లెక్కపెట్టే ప్రభుత్వం, ఆ పోషణ ఖర్చును పన్నులోనూ గుర్తించాలి.