భుజంలోకి గట్టుదారి

మీ భుజాన్ని వెనుకవైపు తడిమి చూడండి. పైన గట్టిగా తగిలేది రెక్కఎముక కొస. దాని వెనుక మూలకు సుమారు 2 సెంటీమీటర్ల కింద, 1 సెంటీమీటరు వెన్నువైపు వేలు జరిపితే మెత్తని పల్లం తగులుతుంది. కీలులోకి సర్జను గొట్టం దూర్చేది అక్కడే!

మా సెంటినరీ కాలనీలో, ఏళ్ల తరబడి గనికప్పుకేసి చేతులెత్తి పనిచేసిన పెద్దలు కొందరు కొక్కేనికున్న చొక్కా అందుకోలేరు. భుజం బంతిగిన్నె కీలు గదా! కాని ఆ గిన్నె సాసరులా లోతు తక్కువది. బంతిని పట్టి ఉంచేవి నాలుగు కండరాల స్నాయుబంధనాలు. వాటిలో పైది తరచు చిరుగుతుంది.

అయితే పైనుంచే కోయవచ్చు కదా అంటారేమో. పైన డెల్టాయిడ్ కండరం దుప్పటిలా కప్పి ఉంది. దాన్ని పనిచేయించే ఆక్సిలరీ నాడి, ఎముక కొసకు దాదాపు 5 సెంటీమీటర్ల కిందుగా చుట్టి వస్తుంది. అది తెగిందా, చేయి ఎత్తే బలం పోతుంది. వెనుక పల్లం కింద మాత్రం రెండు కండరాల నడుమ సందుంది. ఆ రెండింటికీ నాడులు వేరు. వేర్వేరు కాలువల కింద సాగే రెండు పొలాల మధ్య గట్టు లాంటిదన్నమాట. గట్టు వెంట నడిస్తే ఏ పైరూ నలగదు.

సెలైను నింపి కీలును ఉబ్బించి, సుమారు 4 మిల్లీమీటర్ల దర్శినితో లోపల చూస్తారు. ముందు, పక్కన వేసిన చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి, ఎముకలో మేకు దించి, దాని దారంతో చిరుగును కుడతారు. పక్క రంధ్రం ఆ 5 సెంటీమీటర్ల హద్దు దాటకూడదు సుమా! పైగాయం రెండు వారాల్లో మానుతుంది. లోపలి స్నాయుబంధనం ఎముకకు అతకడానికి మాత్రం నెలలు పడుతుంది.