డిస్కౌంట్ ఎంత అని కాదు, మొత్తం ఎంత అని అడగండి



ఈ పేజీలో ఎప్పుడూ చదువు, పరీక్షలు, హోంవర్క్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి లెక్కల టీచరుగా ఒక ఇంటి లెక్క గురించి రాస్తున్నాను. పేరెంట్స్ మీటింగుల్లో పిల్లల మార్కుల సంగతి అయ్యాక, "కారు తీసుకుందామనుకుంటున్నాం మేడమ్, ఇద్దరు పిల్లలతో స్కూటర్ మీద కుదరడం లేదు" అనే మాట తరచుగా వింటున్నాను. ఇల్లు తర్వాత మనలాంటి కుటుంబాలు ఒక్కసారిగా పెట్టే పెద్ద ఖర్చు కారే. అయినా కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకు బేరమాడే మనం, షోరూములో ఏసీ కింద కూర్చోబెట్టి కాఫీ ఇవ్వగానే ముప్పై, నలభై వేల గురించి అడగడానికి మొహమాటపడతాం.

ఆ ముప్పై, నలభై వేలు చిన్న మొత్తం కాదు. చాలా ఇళ్లలో అది ఒక టర్మ్ ఫీజు. అందుకే ఈ లెక్కను కాస్త నిదానంగా చూద్దాం.

డిస్కౌంట్ ఎక్కువ, ధర కూడా ఎక్కువ!

కారు ధర రెండు రకాలు. ఎక్స్ షోరూమ్ ధర అంటే జీఎస్టీతో కలిపి కంపెనీ నిర్ణయించిన ధర. దానికి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా, ఫాస్టాగ్, ఇంకా షోరూమువాళ్లు చేర్చేవన్నీ కలిపితే ఆన్ రోడ్ ధర. మన జేబులోంచి పోయేది ఈ రెండోదే.

ఒకే మోడల్, ఒకే రంగు కారుకు రెండు షోరూములు ఇచ్చిన కొటేషన్లు చూద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. ఎక్స్ షోరూమ్ ధర 8,00,000 రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లోనూ 5 నుంచి 10 లక్షల మధ్య ధర ఉన్న పెట్రోలు, డీజిల్ కార్లకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,000. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ కలిపి 3,000 అనుకుందాం. ఇవి ఇద్దరి దగ్గరా ఒకటే.

మొదటి షోరూము: డిస్కౌంట్ 40,000. బీమా 46,000. యాక్సెసరీస్ ప్యాక్ 28,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,000. హ్యాండ్లింగ్ చార్జీలు 7,500. మొత్తం 9,70,500.

రెండో షోరూము: డిస్కౌంట్ 25,000. బీమా 34,000. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్ 6,000. హ్యాండ్లింగ్ చార్జీలు లేవు. మొత్తం 9,30,000.

డిస్కౌంట్ 15,000 ఎక్కువ ఇచ్చిన చోట కారు 40,500 ఎక్కువ పడింది. వారంటీకి విలువ ఉంది కదా అని ఆ 14,000 పక్కన పెట్టినా తేడా ఇంకా 26,500 ఉంది. ఇంటికి వచ్చి "నలభై వేలు తగ్గించాడు" అని సంతోషంగా చెప్పుకునేది మాత్రం మొదటి షోరూములో కొన్నవాళ్లే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కారు అమ్మకం మీద డీలరుకు మిగిలేది మనం అనుకున్నంత ఉండదు. బీమా, లోన్, యాక్సెసరీస్ మీద వచ్చే కమీషన్లతోనే వాళ్లకు గిట్టుబాటు అవుతుంది. కారు ధరలో ఇచ్చింది మిగతా లైన్లలో తిరిగి రాబట్టుకుంటారు. అది వాళ్ల వ్యాపారం, తప్పుపట్టాల్సిన పని లేదు. మనం చూసుకోవాల్సింది కింద ఉన్న మొత్తం అంకె.

ఏ లైను తగ్గుతుంది, ఏది తగ్గదు?

కొటేషన్ చేతికి రాగానే ఒక్కో లైను చూడండి.

లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి వెళ్లేవి. వీటి మీద బేరం లేదు. కానీ రవాణా శాఖ రసీదులో ఉన్నదానికంటే ఎక్కువ వేశారేమో సరిచూసుకోవాలి.

జీఎస్టీ కూడా అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు, డీజిల్ కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్ పోయింది. "జీఎస్టీ తగ్గింపు కలిపి లక్ష డిస్కౌంట్ సార్" అని ఎవరైనా అంటే, జీఎస్టీ తగ్గింపును పక్కన పెట్టి మిగిలింది ఎంతో అడగండి. ఆ తగ్గింపు ఎక్కడ కొన్నా వస్తుంది.

కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. ఇది మీ పాన్ మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందవచ్చు. ఆ లైనును మీ ఆడిటరుకు చూపించడం మరిచిపోవద్దు.

హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ చార్జీలు, డిపో చార్జీలు అని రకరకాల పేర్లతో ఒక లైను కనిపిస్తుంది. కారును షోరూముదాకా తేవడం డీలరు పని. ఇలా వసూలు చేసిన డబ్బును వినియోగదారుల కమిషన్లు తిరిగి ఇప్పించిన కేసులు ఉన్నాయి. "ఈ లైను తీసేసి కొత్త కొటేషన్ ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చాలాసార్లు ఆ నంబరు తెలుసని చెప్పినా చాలు.

యాక్సెసరీస్ ప్యాక్ తప్పనిసరి కాదు. కావలసినవి మాత్రమే విడిగా రాయించుకోండి. వారంటీ పోతుందని భయపెడతారు. వైర్లు కత్తిరించి బిగించే వాటి విషయంలో ఆ జాగ్రత్త నిజమే. సీట్ కవర్లకు, మ్యాట్లకు అది వర్తించదు. ఎక్స్‌టెండెడ్ వారంటీని చాలా కంపెనీల్లో అసలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. మొదటిరోజే కొనాలన్న తొందర లేదు.

బీమా: అన్నిటికంటే ఎక్కువ మిగిలే చోటు

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ప్రీమియం ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. మన కారుకు జరిగే నష్టానికి సంబంధించిన ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. బేరం అక్కడే ఉంది.

బీమా ఎక్కడ తీసుకోవాలన్నది మన ఇష్టం. షోరూములోనే తీసుకోవాలని ఎవరూ బలవంతపెట్టలేరు. షోరూము ఇచ్చిన పాలసీలో ఐడీవీ ఎంత, జీరో డిప్రిసియేషన్ వంటి యాడ్ ఆన్‌లు ఏమేం ఉన్నాయో రాసుకుని, సరిగ్గా అవే వివరాలతో బయట రెండు చోట్ల ధర అడగండి. ఐడీవీ తగ్గించి చూపిస్తే ప్రీమియం తగ్గినట్టు కనిపిస్తుంది, పోల్చేటప్పుడు అది గమనించాలి. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదు" అంటే, మీ సర్వీస్ సెంటర్ ఆ బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉందో లేదో కంపెనీనే అడిగి తెలుసుకోండి.

మీ పాత కారు మీద క్లెయిములు లేకుండా నో క్లెయిమ్ బోనస్ ఉంటే, అది కారుది కాదు, యజమానిది. గరిష్ఠంగా 50 శాతం దాకా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది. పాత బండి అమ్మినప్పుడు బీమా కంపెనీ నుంచి ఆ సర్టిఫికెట్ తీసుకుని కొత్త పాలసీకి మార్పించుకోండి.

నాలుగు బేరాలు, నాలుగు కాగితాలు

కారు ధర, పాత బండి ఎక్స్ఛేంజ్, లోన్, బీమా. ఇవి నాలుగు వేర్వేరు బేరాలు. వీటిని కలిపి మాట్లాడితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట పోయినా మనకు తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి తేల్చుకోండి.

ముందు కారు ధర. కంపెనీ ఇచ్చే క్యాష్ ఆఫర్, ఉద్యోగులకు ఇచ్చే కార్పొరేట్ ఆఫర్, ఎక్స్ఛేంజ్ బోనస్, డీలరు సొంతంగా ఇచ్చేది, వీటిని విడివిడిగా అడగండి. చాలా సంస్థల ఉద్యోగులకు, ప్రభుత్వ ఉద్యోగులకు, టీచర్లకు కార్పొరేట్ ఆఫర్ ఉంటుంది. మనం అడిగి ఐడీ కార్డు చూపిస్తేనే వస్తుంది.

తర్వాత పాత బండి. షోరూముకు వెళ్లేముందే బయట రెండు చోట్ల ధర కట్టించండి. బయట 2,30,000 వస్తున్న బండికి షోరూములో 2,00,000 కట్టి, 20,000 బోనస్ ఇస్తే మీకు 10,000 నష్టం. బయట అమ్మితే మాత్రం ఆర్‌సీ కొన్నవాళ్ల పేరుకు మారేదాకా వదలకండి.

ఇక లోన్. "ఈఎంఐ ఎంతైతే మీకు ఓకే సార్?" అన్నది షోరూములో మొదట వచ్చే ప్రశ్న. దానికి జవాబు చెప్పకండి. వాయిదా తక్కువగా కనిపించేలా కాలం పెంచడం సులభం. 7 లక్షల లోన్ 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 14,530, మొత్తం వడ్డీ సుమారు 1,72,000. అదే ఏడేళ్లకైతే ఈఎంఐ సుమారు 11,260కి దిగుతుంది, వడ్డీ మాత్రం సుమారు 2,46,000 అవుతుంది. నెలకు మూడు వేలు తగ్గిందన్న సంతోషం ఖరీదు 74,000.

ఇంకో మాట. "మా దగ్గర 6 శాతమే" అంటే అది ఫ్లాట్ రేటా, తగ్గుతున్న అసలు మీద వేసే రేటా అని అడగండి. ఫ్లాట్ అంటే చివరిదాకా మొత్తం 7 లక్షల మీదే వడ్డీ. 6 శాతం చొప్పున ఐదేళ్లకు 2,10,000. పైన చెప్పిన 9 శాతం లోన్ కంటే ఇదే ఎక్కువ! మీ జీతం పడే బ్యాంకులో ముందే రేటు తెలుసుకుని వెళ్తే షోరూము వాళ్లు కూడా తగ్గించే అవకాశం ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా మాట్లాడాలి?

దసరా, ధనత్రయోదశి రోజుల్లో అందరూ షోరూముల్లోనే ఉంటారు, అప్పుడు బేరానికి బలం తక్కువ. ఆషాఢంలో మనవాళ్లు బండి కొనరు కాబట్టి షోరూములే ఆఫర్లు పెట్టి పిలుస్తాయి. నెలాఖరు, మార్చి నెలాఖరు, డిసెంబరు కూడా టార్గెట్ల సమయం. డిసెంబరులో తగ్గింపు ఎక్కువే, కానీ వారం తిరిగేసరికి బండి తయారీ సంవత్సరం పాతదవుతుంది. మూడు, నాలుగేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే ఆ తేడా రీసేల్‌లో తెలుస్తుంది. పదేళ్లు వాడేవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. నెలల తరబడి వెయిటింగ్ ఉన్న మోడల్‌కు మాత్రం డిస్కౌంట్ ఆశించకండి. అక్కడ అనవసరమైన లైన్లు తీయించుకోవడమే లాభం.

కనీసం మూడు షోరూముల కొటేషన్లు తీసుకోండి. పక్క జిల్లాలోది ఒకటి ఉన్నా మంచిదే. అడగాల్సింది ఒక్క వాక్యం: "అన్నీ కలిపి ఫైనల్ ఆన్ రోడ్ ఎంతో లైన్ల వారీగా వాట్సాప్‌లో పంపండి బాబూ, ఇంట్లో మాట్లాడి చెప్తాం." "ఈరోజు బుక్ చేస్తేనే ఈ రేటు మేడమ్" అంటే చిరునవ్వుతో లేచి రండి. నిజంగా ఇవ్వగలిగిన రేటు అయితే రెండు రోజుల్లో మళ్లీ ఫోన్ వస్తుంది. ఎదురుగా కూర్చున్న అబ్బాయి కూడా నెల టార్గెట్ మీద బతికే ఉద్యోగి. గొంతు పెంచనక్కర్లేదు. తక్కువ కొటేషన్ కాగితం చూపించి, "దీనికి మీరు ఇవ్వగలరా?" అంటే చాలు.

మాట కుదిరాక బుకింగ్ డబ్బు తక్కువే కట్టండి. రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారో, డెలివరీ ఎప్పుడో రాయించుకోండి. సాధారణంగా డెలివరీ రోజు ధరే వర్తిస్తుంది కాబట్టి ఈ తేదీ ముఖ్యం. రిజిస్ట్రేషన్‌కు ముందే కారును పగటి వెలుతురులో చూసి, ఛాసిస్ నంబరు, తయారీ నెల, ఓడోమీటరు రీడింగు సరిచూసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక బండి మార్చమంటే ఎవరూ వినరు.

ఈ నెల ఇంటి పని

పై తరగతుల్లో శాతాలు, రాయితీ, పన్ను, వడ్డీ చెప్పేటప్పుడు మేము ఊహించిన అంకెలు ఇస్తాం. మీ చేతిలో నిజమైన అంకెలు ఉన్నాయి. కారు కొనే ఆలోచన ఉంటే షోరూముల పేర్లు కనబడకుండా మడిచి రెండు కొటేషన్లు మీ పిల్లల ముందు పెట్టండి. ఏది నిజంగా చవకో, ఎంత శాతం తేడా ఉందో తేల్చమనండి. చిన్నపిల్లలైతే కూడికలు సరిచూస్తారు, పెద్దపిల్లలైతే ఈఎంఐ లెక్క కడతారు. లెక్కలు ఎందుకు నేర్చుకోవాలో మేము తరగతిలో చెప్పేదానికంటే ఇది బాగా అర్థమవుతుంది.

మధ్యలో "అమ్మా, ఈ 7,500 దేనికి?" అని వాళ్లు అడిగితే, అదే ప్రశ్న మర్నాడు షోరూములో మీరు అడగండి.