దారం తెగదు... కండరం తెగుతుంది!

1867లో రోము నగరం సమీపాన విల్లా గ్లోరి వద్ద జరిగిన పోరులో ఇటలీ యువకుడొకడు గజ్జలో బాయొనెట్ పోటు తిని శత్రువులకు చిక్కాడు. అప్పటికే వైద్య పట్టభద్రుడైన అతని పేరు ఎడ్వార్డో బస్సీని. గజ్జల హెర్నియా చికిత్సకు తరువాత అతని పేరే స్థిరపడడం యాదృచ్ఛికమే కావచ్చు.

పురుషుని గజ్జలో పొట్టగోడ గుండా ఏటవాలుగా సాగే ఇరుకు మార్గమొకటి ఉన్నది. వృషణానికి చెందిన రక్తనాళాలు, వీర్యనాళం అందులోనే సాగుతాయి. పుట్టుకతో ఆ దారి పూర్తిగా మూసుకోకపోయినా, వయసుతో దాని వెనుకగోడ సడలినా పేగు ముందుకు తోసుకువస్తుంది. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు ఉబ్బు కనిపిస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. అలా పోక, నొప్పీ వాంతులూ మొదలైతే మాత్రం పేగుకు రక్తప్రసారం ఆగిపోతూ ఉండవచ్చు. అప్పుడిక తెల్లవారనిద్దామనుకోవడం ప్రాణాంతకం.

1884లో పాడువా నగరంలో బస్సీని ఆ వెనుకగోడనే తెరచి, పొట్టకండరాలను, వాటి లోపలి పొరను కలిపి పట్టుదారంతో గజ్జలోని గట్టి బంధనానికి కుట్టాడు. పాత గోడ స్థానే కొత్త గోడ లేచింది. అయితే ఆయన పేరుతో తరువాత జరిగిన శస్త్రచికిత్సలన్నీ ఆయనవి కావు. వెనుకగోడ జోలికి పోకుండా, కండరాన్ని పైపైన లాగి కుట్టినవారు అనేకులు. ఎడంగా ఉన్న కండరాన్ని బలవంతాన లాగి బిగిస్తే దారం తెగదు, కండరమే కోసుకుపోతుంది. వ్యాధి తిరగబెడుతుంది. నింద బస్సీనికి!

ఆ లాగుడును పంచిపెట్టే ఉపాయం కెనడాలో దొరికింది. హెర్నియా వల్ల సైన్యానికి పనికిరాని యువకులకు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చికిత్స చేసిన ఎర్ల్ షోల్డైస్, 1945లో టొరంటోలో ఇందుకోసమే ఆసుపత్రి తెరిచాడు. చీల్చిన వెనుకగోడను అంచుపై అంచు వేసి, సన్నని ఉక్కుతీగతో నాలుగు వరుసలుగా, తెంపకుండా కుట్టడం ఆయన పద్ధతి. గోనెసంచి మూతిని ఒకే పురికొసతో కుట్టినట్లు, బరువు ఏ ఒక్క కుట్టుపైనా పడదు. గజ్జవరకే మత్తు ఇవ్వడంవల్ల రోగి బల్ల దిగి నడిచి వెళ్లేవాడు. అక్కడ వ్యాధి తిరగబెట్టినవారు సుమారు నూటికి ఒక్కరే. కాని ఇందులో చేయి తిరగాలంటే ఎంతో సాధన కావాలి.

1980ల తరువాత ప్లాస్టిక్ వల వచ్చి కుట్టును పక్కకు నెట్టింది. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చాలామందికి వలనే సూచించాయి. వల లేకుండా చేయవలసివస్తే షోల్డైస్ పద్ధతికే ఓటువేశాయి.

2001లో పుణె శస్త్రవైద్యుడు మోహన్ దేశర్దా మరో దారి చూపాడు. రోగి పొట్టకండరపు పైపొర నుండే పట్టీ చీల్చి, రెండు కొసలూ తెంపకుండా బలహీనమైన చోట కుట్టాడు. పొట్ట బిగించినప్పుడు ఆ పట్టీ కూడా బిగుసుకుంటుంది. 2012లో ప్రచురితమైన పోలండ్ పరిశీలనలో 208 మందిని మూడేళ్లు గమనించగా, ఈ పద్ధతిలోను, వల పద్ధతిలోను వ్యాధి తిరగబెట్టడం సమానంగానే ఉన్నది. పైపొర పలచబడి చీలికలు పడినవారికి మాత్రం ఇది పనికిరాదు. ఆ సంగతి కోసి చూసేవరకూ శస్త్రవైద్యునికి తెలియదు.